ప్రజాజీవితములో పరీక్షాబుద్ధి

ఏటేట జూన్ నెల మొదటి పక్షమున, మృగశిర కార్తె ప్రవేశించు దినములలో, కాచిగూడ రైలు స్టేషనులో దిగిన ప్రయాణికులలో పలువురు ఒకే త్రోవ అడుగుదురు. సుల్తాన్ బజారు మీదుగా కోఠీకి, కోఠీ నుండి ఆబిడ్సుకు, అచటి నుండి నాంపల్లి నుమాయిష్ మైదానమునకు పోవు త్రోవ అది. వారిలో పది అడుగులకొకసారి ఆగి ఊపిరి తీసికొను వృద్ధులుందురు. తల్లి భుజము మీద ఎగరొప్పుచున్న పసివారుందురు. పొరుగు జిల్లాల వారే కాక పొరుగు రాష్ట్రముల వారును ఉందురు. వారందరును వచ్చినది చేపమందు కొరకు.

ఆ మందు సంగతి మన నగరవాసులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. దూద్‌బౌలికి చెందిన బత్తిని వారి కుటుంబము దీనిని తరతరములుగా ఇచ్చుచున్నది. 1845లో ఒక సాధువు తమ పూర్వికులైన వీరన్న గౌడు గారికి ఈ యోగమును ఉపదేశించినాడనియు, దీనికి వెల గైకొనరాదనియు, దీని పాకమును ఇతరులకు వెల్లడింపరాదనియు నియమము పెట్టినాడనియు ఆ కుటుంబము వారు చెప్పుదురు. రెండు మూడు అంగుళముల కొరమీను పిల్ల నోటిలో పసుపుపచ్చని మందుముద్ద ఉంచి, ప్రాణముతోనున్న ఆ చేపను రోగి గొంతులో విడుచుదురు. రోగి దానిని మ్రింగవలెను. మాంసము ముట్టనివారికి అదే మందును బెల్లముతో ఇత్తురు. పిమ్మట 45 దినములు పథ్యము. ఇట్లు వరుసగా మూడేండ్లు పుచ్చుకొన్నచో ఉబ్బసము మొదలంట పోవునని ప్రతీతి. తొలుత పాతబస్తీలో జరుగుచుండిన పంపిణీ తరువాతి కాలమున నాంపల్లి మైదానమునకు మారినది. కోవిడు మూలమున 2020 నుండి 2022 వరకు ఆగి, 2023 జూనులో మరల ఆరంభమైనది.

ఈ ప్రసంగములో మేము ఆ కుటుంబమును నిందింప తలపెట్టలేదు. వేలకొలది జనమునకు ఒక్క పైసయైన పుచ్చుకొనక మందు ఇచ్చుట ఔదార్యమే. ఆ వరుసలో రాత్రియెల్ల నిలుచువారిని పరిహసించుటయు మా ఉద్దేశము కాదు. ఊపిరి ఆడని బిడ్డను ఒడిలో పెట్టుకొని తెల్లవార్లు కూర్చున్న తల్లికి ఏ ద్వారము తట్టుటకైనను అధికారము కలదు. అయితే ఔదార్యము వేరు, ఔషధగుణము వేరు. ఇచ్చువాని మంచితనము ఇచ్చిన వస్తువు యొక్క శక్తికి సాక్ష్యము కాజాలదు. ఈ రెంటిని కలిపివేయుటయే మన ప్రజాజీవితములోని అనేక భ్రమలకు మూలము.

మరి, ఆ మందు పనిచేయునని నమ్మువారు ఏమి సాక్ష్యము చూపుదురు? “మా మేనత్తకు తగ్గినది”, “మా పక్కింటి వారి పిల్లవానికి మరల రాలేదు” అని చెప్పుదురు. వారు అబద్ధమాడుచున్నారని మేమనము. మేనత్తకు తగ్గియుండవచ్చును. ప్రశ్న వేరు. మందు పుచ్చుకొనకపోయినను తగ్గియుండెడిదా అని. దీనికి జవాబు చెప్పుటకు ఉబ్బసము యొక్క నడక తెలియవలెను.

ఉబ్బసమన్నది ఊపిరితిత్తులలోనికి గాలిని గొనిపోవు సన్నని గొట్టములు వాచి, ముడుచుకొనిపోవు వ్యాధి. అది ఎల్లప్పుడు ఒకే తీరున ఉండదు. ధూళి, పొగ, చలి, పుప్పొడి, జలుబు మొదలైన వానిని బట్టి హెచ్చుచు తగ్గుచుండును. రోగి వైద్యము కొరకు పరుగెత్తునది వ్యాధి పరాకాష్ఠనందినప్పుడు. పరాకాష్ఠ తరువాత వచ్చునది సహజముగా తగ్గుదలయే. ఆ తగ్గుదలకు ముందు ఏమి పుచ్చుకొన్నను, కీర్తి దానికే దక్కును. అదిగాక, బాల్యములో ఉబ్బసము వచ్చిన పిల్లలలో పలువురికి యుక్తవయస్సు నాటికి అది దానంతట అదియే సన్నగిల్లును. మూడేండ్లు వరుసగా మందు పుచ్చుకొనవలెనన్న నియమమునకు, పిల్లలు పెరుగు ఆ మూడేండ్లకు ఎట్టి పొత్తు కలదో శ్రోతలే ఆలోచింపగలరు. ఇక మూడవ కారణము. తగ్గినవాడు మరుసటి యేడు పదిమందిని వెంటబెట్టుకొని వచ్చును. తగ్గనివాడు ఇంటిలో ఉండును. మైదానములో మనకు వినబడునది మొదటివాని మాటయే.

వీనికి తోడు, మనస్సు చేయు సాయమొకటి ఉన్నది. ఈ విషయమున 2011లో అమెరికాలోని బోస్టను నగర వైద్యులు చేసిన పరీక్ష చిన్నదైనను చాల విలువైనది. ఉబ్బసరోగులకు వారు ఒకప్పుడు నిజమైన పీల్పుమందు ఇచ్చినారు. ఒకప్పుడు మందులేని ఉత్త పీల్పుగొట్టము ఇచ్చినారు. ఒకప్పుడు సూదులతో ఉత్తుత్తి చికిత్స చేసినారు. ఒకప్పుడు ఏమియు ఇవ్వక ఊరకుండినారు. పిమ్మట రోగులను, “ఎంత తగ్గినట్లున్నది?” అని అడిగినారు. నిజమైన మందు పుచ్చుకొన్నప్పుడు నూటికి 50 వంతుల మేలు కనబడినదని రోగులు చెప్పినారు. ఉత్త గొట్టమునకు 45 వంతులు, ఉత్తుత్తి సూదులకు 46 వంతులు చెప్పినారు. ఏమియు ఇవ్వనప్పుడు 21. అనగా రోగి అనుభవమును మాత్రమే అడిగినచో మందునకు, మాయకు భేదము కనబడలేదు. ఆ తరువాత యంత్రములోనికి ఊదించి, ఒక సెకనులో ఎంత గాలి వెలువడుచున్నదో కొలిచినారు. నిజమైన మందు వలన నూటికి 20 వంతులు పెరిగినది. తక్కిన మూడింటి వలనను సుమారు 7 వంతులు మాత్రమే పెరిగినది.

ఈ అంకెలలో ఒక హెచ్చరిక ఉన్నది. “బాగున్నది” అని రోగి మనసార చెప్పుచున్నప్పుడు కూడ అతని ఊపిరిగొట్టములు ముడుచుకొనియే ఉండవచ్చును. ఉబ్బసము కొన్ని సమయములలో ప్రాణము తీయు వ్యాధి. వాపును అణచు పీల్పుమందును ప్రతిదినము వాడవలసిన పిల్లవాడు, చేప మ్రింగినాము గదా యని దానిని మానివేసినచో, ఆ ముప్పు ఒక శీతకాలపు రాత్రి బయటపడును. అప్పుడు ఆ తల్లి ఎవరిని అడుగవలెను? మందు వెలలేనిదే. కాని దానిని నమ్మినందుకు వెల ఎవరో ఒకరు చెల్లించుచునే ఉన్నారు.

చేప ప్రాణముతో ఉండుటచే, పోవునప్పుడు గొంతును, శ్వాసమార్గమును శుభ్రపరచునని కొందరి సమర్థన. మ్రింగినది పోవునది ఆహారనాళములోనికి. వ్యాధి ఉన్నది శ్వాసనాళములలో. గొంతు దాటిన పిమ్మట ఆ రెండు దారులును వేరు. పొరపాటున చేప రెండవ దారి పట్టినచో జరుగునది చికిత్స కాదు, ప్రమాదము.

ఇంకొక సంగతి మరింత ముఖ్యమైనది. తగ్గినచో అది మందు మహిమ. తగ్గకపోయినచో రోగి పథ్యము తప్పినాడు, లేదా మూడేండ్లు రాలేదు. ఇట్టి ఏర్పాటులో మందు ఎన్నడును ఓడిపోదు. ఓడిపోవుటకు వీలులేని పందెములో గెలుపునకు అర్థమేమి? ఇటీవలి దశాబ్దములలో హేతువాదులును, జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలును ఇది మందేనా అని గట్టిగా అడుగుచు వచ్చినారు. ఆ కాలముననే ‘చేపమందు’ అను పేరు మారి ‘చేప ప్రసాదము’ అను పేరు వాడుకలోనికి వచ్చినది. మందు అన్నచో పరీక్షకు నిలువవలెను. ప్రసాదము అన్నచో అడుగువాడే అపరాధి అగును. పేరు మారినను వరుసలో నిలిచినవాని ఆశ మారలేదు. అతడు వచ్చినది పుణ్యము కొరకు కాదు, ఊపిరి కొరకు.

పాకము రహస్యము కనుక పరీక్ష సాధ్యము కాదని కొందరందురు. ఇది సరికాదు. పాకము చెప్పకయే పరీక్షింపవచ్చును. సమ్మతించిన రోగులను చీట్లు వేసి రెండు జట్లుగా విభజింపవలెను. వారు వాడుచున్న వైద్యమును ఎవరును మానరాదు. ఒక జట్టునకు ఆ కుటుంబము వారి మందుముద్దతోను, రెండవ జట్టునకు చూచుటకు అట్లే ఉండు ఉత్త ముద్దతోను చేపలు ఇవ్వవలెను. ఎవరికి ఏది అందినదో రోగికి గాని, పిమ్మట అతని ఊపిరి కొలుచు వైద్యునకు గాని తెలియరాదు. ఏడాది గడచిన తరువాత కవరు విప్పి లెక్క చూడవలెను. రహస్యము రహస్యముగానే ఉండును, నిజము బయటికి వచ్చును. ఇట్టి లెక్క ప్రజలయెదుట నిలిపినంతవరకు, 1845 నుండి ఎన్ని యేండ్లు గడచినవన్నది సంప్రదాయము యొక్క వయస్సును మాత్రమే చెప్పును.

ఇదంతయు చదువురానివారి సంగతి, చదువు వ్యాపించినచో దానంతట అదియే పోవును అని తలచుట మరియొక భ్రమ. కందుకూరి వీరేశలింగము పంతులు గారి ‘రాజశేఖర చరిత్రము’లో బంగారము చేసి ఇచ్చెదనన్న బైరాగిని నమ్మి మోసపోయిన రాజశేఖరుడు నిరక్షరాస్యుడు కాడు, చదువుకొన్నవాడు, ఊరిలో గౌరవము గలవాడు. ఇంతకన్న ఆశ్చర్యకరమైన ఉదాహరణము, ఇంతకు ముందు చెప్పిన త్రోవలోనే, కాచిగూడకు నడక దూరములో ఉన్నది. దానిని చూచుటకు కోఠీవద్ద కొంచెము ఆగవలెను.

కోఠీలో మహిళా కళాశాలగా ప్రసిద్ధి చెంది, నేడు విశ్వవిద్యాలయమైన ప్రాంగణము పూర్వము బ్రిటిషు రెసిడెన్సీ. 1885 ప్రాంతమున అచటికి రెసిడెన్సీ సర్జనుగా వచ్చినవారు డాక్టరు ఎడ్వర్డు లౌరీ. ఆయనయే హైదరాబాదు వైద్యపాఠశాలకు అధిపతి. మూసీ యొడ్డున ఉండిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో శస్త్రచికిత్సలు చేయుచుండినారు. నేటి ఉస్మానియా ఆసుపత్రికి అది పూర్వరూపము. ఆ కాలమున శస్త్రచికిత్సకు రోగిని నిద్రపుచ్చుటకు క్లోరోఫారము వాడుచుండిరి. 1847లో ఎడింబరోలో సింప్సను దానిని ప్రవేశపెట్టిన కొలది వారములకే, 1848 జనవరిలో, కాలిగోరు తీయించుకొనుటకు వచ్చిన పదునైదేండ్ల బాలిక ఆ మత్తులో హఠాత్తుగా మరణించినది. నాటి నుండి వైద్యలోకములో వివాదము చెలరేగినది. క్లోరోఫారము గుండెను ఆపుచున్నదా, ఊపిరిని ఆపుచున్నదా? గుండెయే అయినచో వైద్యుడు నాడి మీద చేయి వేసియుంచవలెను. ఊపిరియే అయినచో రొమ్ము కదలికను చూచిన చాలును.

లౌరీ గారు ఎడింబరోలో చదివినవారు. ఊపిరిని చూచుకొన్నచో చాలును, గుండెకు భయము లేదు అన్నది వారి గురుపరంపర బోధ. వేలకొలది రోగులకు క్లోరోఫారము ఇచ్చిన అనుభవము ఆయనకు కలదు. ఆ నమ్మకమును రుజువు చేయుటకు 1888లో హైదరాబాదులో ఒక సంఘము ఏర్పడి కుక్కలమీద ప్రయోగములు చేసినది. ఊపిరియే ముందుగా ఆగుచున్నదని తేలినది. లండనులోని ‘లాన్సెటు’ వైద్యపత్రిక సందేహము వెలిబుచ్చినది. అప్పుడు నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ 1000 పౌనులు ఇచ్చి, ఆ పత్రికవారి ప్రతినిధినే పంపి పరీక్షించుకొనుడని కోరినారు. విఖ్యాతులైన లాడర్ బ్రంటను 1889లో హైదరాబాదు వచ్చినారు. గుండెకు ముప్పు కలదని నమ్మి వచ్చినవారు ఆయన. వందలకొలది జంతువులమీద ప్రయోగములు మరల జరిగినవి. మన నగరపు వైద్యపాఠశాలలో చదివి, క్లోరోఫారము ఇచ్చుటలో ప్రపంచమునందలి తొలి మహిళలలో ఒకరుగా పేరొందిన రూపాబాయి ఫర్దూంజీ ఆ కాలమునాటి వారే. ఫలితము మునుపటిదే అయినది. బ్రంటను తన అభిప్రాయమును మార్చుకొన్నారు. హైదరాబాదు పేరు ప్రపంచ వైద్యపత్రికలలో మారుమ్రోగినది.

ఇంతవరకు వినిన శ్రోతలు, ఇది శాస్త్రవిజయగాథ గదా యని అనుకొందురు. కాని కథ ఇచట ముగియలేదు. క్లోరోఫారము బల్ల మీద హఠాన్మరణములు ఆగలేదు. 1893లో గాస్కెల్, షోర్ అను కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు క్లోరోఫారము గుండెమీదను నేరుగా పనిచేయునని ప్రయోగపూర్వకముగా చూపినారు. 1911లో గుడ్‌మన్ లెవీ అసలు కీలకమును పట్టినారు. హైదరాబాదులో జంతువులకు క్లోరోఫారమును లోతుగా, నిండుగా ఇచ్చిచూచినారు. అట్టి స్థితిలో ఊపిరియే ముందు ఆగును, అది నిజమే. కాని మత్తు ఇంకను తేలికగా ఉన్నప్పుడు, భయముచేత గాని నొప్పిచేత గాని శరీరములో అడ్రినలిను పొంగినప్పుడు, క్లోరోఫారము సోకిన గుండె లయ తప్పి క్షణములో ఆగిపోవును. కాలిగోరు కొరకు వచ్చిన బాలికవంటి వారి మరణములు ఈ కోవలోనివే. హైదరాబాదు ప్రయోగములు వందలున్నను అవన్నియు ఒకే తీరు ప్రయోగములు. నూరుమార్లు ఒకే కిటికీలో నుండి చూచినను ఇంటి వెనుకభాగము కనబడదు గదా.

ఇచట మనము రెండు పాఠములు నేర్వవలసి ఉన్నది. మొదటిది హెచ్చరిక. లౌరీ గారు మోసగాడు కారు, సోమరియు కారు. అయినను తన నమ్మకమును నిలుపు ప్రయోగములే ఆయనకు తోచినవి, దానిని పడగొట్టగల ప్రయోగము తోచలేదు. వ్యతిరేకసాక్ష్యము వచ్చిన తరువాతను ఆయన తన మాట విడువలేదు. మరియొక విషయములోను ఇట్లే జరిగినది. 1880లో లవెరాన్ కనుగొన్న మలేరియా క్రిమి ఉన్నదనుటనే ఆయన అంగీకరింపలేదు. ప్రయోగశాలయు, పదవియు, అనుభవమును ఉన్నవాడు కూడ నిజమును నిరాకరింపవచ్చునని దీనివలన తెలియుచున్నది.

రెండవ పాఠము ఆశాజనకము. హైదరాబాదు సంఘము తాను చేసిన ప్రతి ప్రయోగమును, గీసిన ప్రతి రేఖను లోకము ముందు ప్రకటించినది. ఏ జంతువునకు ఎంత మత్తు ఇచ్చినారో, ఏది ఎప్పుడు ఆగినదో వివరముగా అచ్చువేసినది. అందుచేతనే తరువాతివారు దానిని చదివి, లోపమెచట నున్నదో పట్టగలిగినారు. నిజాము సొమ్ము వ్యర్థము కాలేదు. లెక్క వ్రాసిపెట్టిన తప్పు, లెక్కలేని ఒప్పుకన్న మేలు. తప్పుకు లెక్క ఉన్నచో ఎవరో ఒకరు దానిని దిద్దుదురు. ఒప్పుకు లెక్క లేనిచో అది ఒప్పో కాదో ఎన్నటికిని తెలియదు. నాంపల్లి మైదానమునకు, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రికి మధ్యనున్న అంతరము ఇదియే గాని, ఒకచోట పామరులు, ఒకచోట పండితులు ఉండుట కాదు.

లౌరీ గారు మలేరియా క్రిమిని కాదనుచుండిన ఆ సంవత్సరములలోనే, ఈ జంటనగరములలోనే, సైన్యవైద్యుడైన రోనాల్డు రాస్ బేగంపేటలో సూక్ష్మదర్శిని ముందు కూర్చుండి దోమలను కోయుచుండినారు. రెండేండ్లపాటు గోధుమరంగు దోమలను, బూడిదరంగు దోమలను కోసి చూచినారు. ఏమియు కనబడలేదు. అప్పుడాయన, “నా సిద్ధాంతము సరియే, దోమలే సరిగా లేవు” అని సరిపెట్టుకొని ఊరకుండలేదు. మరియొక జాతి దోమను వెదకినారు. హుసేన్ ఖాన్ అను రోగిని కుట్టిన చుక్కల రెక్కల దోమను కోసినప్పుడు, 1897 ఆగస్టు 20న, దాని పొట్టగోడలో మలేరియా క్రిమి కనబడినది. 1902లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చినది. కనబడనప్పుడు వెదకు తీరు మార్చుకొనుటలోనే ఆయన గొప్పతనమున్నది.

ఇక ప్రజాజీవితము సంగతి. ఒక వ్యక్తి తన ఇంటిలో ఏమి నమ్మునో అది అతని ఇష్టము. కాని ఒక పంపిణీకి ప్రభుత్వమే మైదానము చూపి, మత్స్యశాఖయే చేపలు సమకూర్చి, పోలీసు బందోబస్తు, మంచినీటి ఏర్పాటు చేసినప్పుడు, ఆ వస్తువునకు రాజముద్ర పడినట్లు జనులు భావింతురు. జనసమ్మర్దమును అదుపుచేయుట ప్రభుత్వ ధర్మమే. నీరు, నీడ కల్పించుటయు ధర్మమే. అయితే అంతతో తన పని తీరినదనుకొనరాదు. “దీని గుణము పరీక్షింపబడలేదు, మీరు వాడు మందులు మానకుడు” అన్న ఒక్క మాట అదే మైదానములో, అదే ధ్వనివర్ధకములో చెప్పించుటయు ధర్మమే.

ఈ ధర్మము మన రాజ్యాంగములోనే ఉన్నది. 1976లో చేసిన 42వ సవరణ ద్వారా, శాస్త్రీయ దృక్పథమును, మానవత్వమును, జిజ్ఞాసను, సంస్కరణబుద్ధిని పెంపొందించుకొనుట ప్రతి పౌరుని ప్రాథమిక విధిగా 51ఎ అధికరణములో చేర్చబడినది. మన నగరములో కణ, అణు జీవశాస్త్ర కేంద్రమును నెలకొల్పిన పుష్పమిత్ర భార్గవ గారు, 1981లో వెలువడిన శాస్త్రీయ దృక్పథ ప్రకటనకు కృషి చేసినవారిలో ఒకరు. వారు ఈ విధిని జీవితాంతము గుర్తుచేయుచునే ఉండినారు. విధి అన్న మాటను గమనింపవలెను. ఓటువలె ఇది హక్కు మాత్రమే కాదు. పన్ను చెల్లించినట్లు చెల్లింపవలసినది.

భయము ముసిరినప్పుడు ఈ విధి ఎంత కష్టమో 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నములో చూచినాము. ఆసుపత్రులలో మంచములు లేని దినములవి. కోవిడునకు ఒక నాటుమందు పనిచేయునని వార్త ప్రాకగనే, గుంపుకూడరాదన్న వ్యాధి కొరకే వేలమంది గుంపు కూడినారు. ప్రభుత్వము పంపిణీని ఆపి, నిపుణులచేత విచారింపజేసినది. హానికర పదార్థములు లేవని, కాని కోవిడును తగ్గించునన్న నిర్ధారణయు లేదని తేలినది. మే 31న కంటిచుక్కలకు అనుమతి ఇవ్వక, తక్కినవానిలో కొన్ని మందులకు అనుమతి ఇచ్చి, వైద్యులిచ్చిన మందులు మానరాదని చెప్పినది. అడిగి చూచుట మంచిదే అయినది. కాని జనులలో నిలిచిన మాట, “ప్రభుత్వమే ఒప్పుకొన్నది” అన్నది. ‘హాని కనబడలేదు’ అనుట వేరు, ‘మేలు రుజువైనది’ అనుట వేరు. ఈ రెంటి మధ్యగల దూరమును జనులకు నచ్చజెప్పుట పత్రికలయు, ఉపాధ్యాయులయు, మావంటి వక్తలయు పని.

పరీక్షాబుద్ధి యన్న దేనిని నమ్మకుండుట కాదు. అన్నిటిని కొట్టివేయువాడు అన్నిటిని నమ్మువానికి తోబుట్టువే. ఇద్దరికిని శ్రమపడి విచారించు పని తప్పును. మలేరియాకు దోమ కారణము కాదన్నవాడును, టీకా వలన చెరుపే గాని మేలు లేదన్నవాడును తాము సంశయవాదులమనియే చెప్పుకొందురు. నిజమైన సంశయము తన మీదనే మొదలుకావలెను. “ఏది కనబడినచో నా మాట తప్పని ఒప్పుకొందును?” అని తన్ను తాను ప్రశ్నించుకొని, జవాబును ముందుగా వ్రాసిపెట్టుకొనువాడే పరీక్షాబుద్ధి గలవాడు. ఆ ప్రశ్నకు జవాబు లేనివాడు వైద్యుడైనను, మంత్రియైనను, హేతువాదియైనను, అతని మాటను కొంచెము దూరముగా ఉంచి వినవలెను.

ఇంటింట రేడియోముందు కూర్చున్న గృహస్థులు, గృహిణులు దీనిని ఆచరణలో పెట్టుటకు ప్రయోగశాల అక్కరలేదు. ఎవరైన ఒక మందును గాని, మహిమను గాని, ఒక పథకమును గాని మెచ్చుకొన్నప్పుడు మూడు ప్రశ్నలు అడిగిన చాలును. ఇది పుచ్చుకొనని వారికి ఏమైనది? తగ్గనివారి లెక్క ఎచట నున్నది? ఇది తప్పయినచో మనకెట్లు తెలియును? ఈ ప్రశ్నలను గౌరవముతో అడుగవలెను. నాంపల్లికి బయలుదేరిన పెద్దమ్మను ఎగతాళి చేసినచో ఆమె చేపయే మ్రింగును గాని మన మాట వినదు. “పెద్దమ్మా, పోవలెనన్నచో పొండి, కాని ఈ పీల్పుమందు మాత్రము సంచిలో పెట్టుకొనుడు, ఒక్కపూటయైన మానకుడు, పోయివచ్చిన తరువాత డాక్టరు గారి వద్ద ఊపిరి కొలిపించుకొందము” అని చెప్పినచో వినును. మూడు నెలల తరువాత ఆ కొలత కాగితము ఆమె చేతిలో ఉండును. దానిని చూచి ఆమె ఏమి నిశ్చయించుకొన్నను, అది విచారించి చేసిన నిశ్చయమే అగును. ప్రజాస్వామ్యములో ఒక పౌరుని నుండి మరియొక పౌరుడు కోరవలసినది అంతకన్న ఎక్కువ లేదు, తక్కువయు లేదు.